గాలికి రెండో మొహం

నాకు ఎవరైనా కాళ్ళకి దణ్ణం పెడితే ఒళ్ళు మండుతుంది. ఇవాళ మామిడికుదురు నించి ఎస్తేరు వచ్చి, గుమ్మంలోనే వంగబోతే, "లే, లే, ముందు ఆ చెంబు కింద పెట్టు, ఒలికిపోతాది" అని కసిరేను. ఎస్తేరు నా బళ్ళో అక్షరాలు దిద్దుకున్న పిల్ల. చదువుకునే రోజుల్లో ముక్కు కారుకుంటూ వెనక వరసలో కూర్చునేది, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. పెద్దది మణి, ఆరేళ్ళుంటాయి, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నన్ను పులిని చూసినట్టు చూస్తోంది. ఇత్తడి చెంబులో జున్నుపాలు తెచ్చేరు. చంకలో గుడ్డమూట ఒకటి. మూట విప్పితే అందులో ఎస్తేరు చిన్నప్పటి వాచకం. అట్ట లేదు, మూలలు ఎలకలు కొరికేయి, అయినా పసుపు పూసి పదిలంగా దాచుకుంది.

"మొన్నటి తుపానులో మా బుడ్డోడు దక్కేడంటే మీ పున్నెమేనండి" అంది ఎస్తేరు. "పొద్దున్నించీ ఈశాన్యం గాలండి, తాటిచెట్లు వంగిపోయేయి. మద్దేన్నం ఠక్కున ఆగిపోయిందండి. ఎండ కూడా వచ్చేసింది. ఆడు గెంతుకుంటా గుమ్మం దాటేత్తన్నాడు. ఇదిగో, ఇది, ఆడి మొలతాడు పట్టుకుని ఏలాడిపోయిందండి. 'ఒరే, ఇంకో మొహం ఉందిరా, అటేపు మూల ఉంది, అదింకా ఊదలేదు' అని ఒకటే ఏడుపు. నాకూ అప్పుడు గుర్తొచ్చి తలుపేసేనండి. ఎంతో సేపు అవలేదు, దచ్చినం గాలి లేచి మా పాక కప్పు ఎత్తుకుపోయింది. గోడవార ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని బతికేం." చెప్పి, వాచకంలో గాలి బొమ్మ ఉన్న కాగితం తెరిచి నా ఒళ్ళో పెట్టింది. అచ్చులో పడిన గాలి మొహం పైన ఎడమచేతి మూల ఉంది. బుగ్గలు పూరించి, మూతి సున్నా చుట్టి, గీతలు గీతలుగా గాలి ఊదుతోంది. కింద కుడిచేతి మూల ఇంకో మొహం, నల్లసిరాతో గీసినది. అది నా చేత్తో గీసినదే. బళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఆ వాచకం ఏ పిల్ల చేతికొచ్చినా, చదువు మొదలెట్టకముందే ఆ రెండో మొహం గీసి ఇచ్చేదాన్ని. సర్కారు పుస్తకాలు ఖరాబు చేస్తున్నానని ఇనస్పెక్టరు గారు ఓసారి నా మీద ఇంతెత్తున లేచేడు. ఆయ్, ఆయ్ అని తలూపి, ఆయన పడవెక్కేక మిగిలిన పుస్తకాల్లో కూడా గీసేసేను.

ఎస్తేరు చెప్పినంత సేపూ నేను ఆయ్ అంటూనే ఉన్నాను. సంతోషంతో నోట మాట రావడం లేదనుకుందేమో, పాపం, కళ్ళు తుడుచుకుంది. సంతోషం కాదది. ఆ రెండో మొహం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, దాని వెల ఏమిటో ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. బళ్ళో పని మానేసి, కళ్ళు మసకలు కమ్మేక, చెప్పుకోవాల్సిన వాళ్ళందరూ మట్టిలో కలిసేక, ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను. సిగ్గుమాలినతనం కాకపోతే ఏమిటిది!

మాది రాజోలుకి దిగువన, ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక పేట. ధవళేశ్వరంలో ఆనకట్ట లేచింది, కాలవలు తవ్వుతున్నారు అని జనం చెప్పుకునే రోజులు. మా అయ్య మునసబు గారి చేల్లో పాలేరుగా ఉండి, కాలవ పనికి మనుషులు కావాలంటే అక్కడికి పోయేడు, ఆర్నెల్లకోసారి వచ్చేవాడు. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను, చెల్లెలు బుల్లి. మామ్మ పొద్దున్న లేస్తూనే అడ్డచుట్ట వెలిగించేది, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. ఆ చుట్ట పొగ, రాత్రి కుండలో మిగిలిన తరవాణి పులుపు, చూరుకి వేలాడే ఎండు చేపలు, తడిసిన తాటాకు, ఈ నాలుగూ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. ఇప్పుడు పెంకుటింట్లో ఉంటున్నాను, సున్నం వాసన తప్ప ఏమీ రాదు. ఒక్కోసారి తాటాకు తడిపి ముక్కు దగ్గర పెట్టుకుంటాను, ముసల్దానికి మతిపోయిందని పక్కింటివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మేం అప్పటికి కొత్తగా కిరస్తానీలో కలిసేం. పేట చివర, సముద్రం వైపు, దొరలు ఒక ఇటిక గోడల గది కట్టేరు. అదే బడి, అదే ప్రార్థన చోటు. ఎత్తు అరుగు మీద కట్టేరు కాబట్టి ఏరు పొంగినా నీళ్ళెక్కేవి కాదు. దానికి రెండు తలుపులు, పేట వైపు ఒకటి, పెరటి వైపు ఒకటి. అమ్మ అది ఊడ్చేది, తాళంచెవి అమ్మ మొలకే ఉండేది. రెణ్ణెల్లకోసారి నరసాపురం నించి దొరసాని పడవలో వచ్చేది. సన్నటి మనిషి, ఎండకి మొహం అంతా ఎర్రటి మచ్చలు. ఆవిడ పిల్లలిద్దరూ ఒకే వారంలో జ్వరం తగిలి పోయేరట. ఓసారి వచ్చినప్పుడు ఒక బొమ్మల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, తన పుస్తకాల తెలుగులో, "ఇది నా పిల్లలది. మీరు చూచుడి. చింపవద్దు" అంది. అని వెంటనే అటు తిరిగిపోయింది. అప్పుడు నాకు ఏడేళ్ళు, బుల్లికి నాలుగు. ఆవిడెందుకు తిరిగిపోయిందో తెలుసుకునే వయసు కాదు.

పేటలో కాగితం అంటే అప్పటికి కరణం గారి చేతిలో దూరం నించి చూడ్డమే. మేం ఆ పుస్తకాన్ని ఉట్టి మీద కొత్తకుండలో, చెదలు పట్టకుండా వేపాకు వేసి దాచేం. తీసి చూడాలంటే చేతులు కడుక్కోవాలని నేనే ఒక నియమం పెట్టేను. అందులో రాత ఇంగ్లీషు, మాకు ఒక్క ముక్క తెలీదు, ఉన్నవన్నీ బొమ్మలే. మొదటిది కొండ, దాని మీద తెల్లగా ఏదో. మేం పుట్టి బుద్ధెరిగి కొండ చూడలేదు, మా నేలంతా పళ్ళెంలా చదును. అందుకని అది మునసబు గారి గడ్డిమేటు అని తీర్మానించేం. ఆ తెల్లటిది దొరసాని "ఆకాశమునుండి పడును, చల్లగా నుండును" అని చెప్పింది కానీ, ఎలా నమ్ముతాం? తెల్లగా కుప్పలు పోసింది ఉప్పు కాక మరేమిటి? మామ్మని అడిగితే చుట్ట తీసి మరీ నవ్వింది. "ఆకాశం నించి ఉప్పు పడ్డమే! పడితే కుంపిణీ వాళ్ళు ఊరుకుంటారంటే? ఆకాశానికి కూడా నిచ్చెనేసి బంట్రోతుని కాపలా పెట్టరూ!" ఉప్పంతా కుంపిణీ సర్కారుదే, సముద్రం ఒడ్డున ఉండి కూడా గుప్పెడు ఉప్పు ఎత్తుకోడానికి భయపడే రోజులవి. బుల్లికి మాత్రం ఆ మాట బాగా పట్టేసింది. మబ్బు వేసినప్పుడల్లా నాలిక చాపి నిలబడేది, ఉప్పగా ఉంటుందేమోనని.

రెండో బొమ్మ వాన. మూడోది గాలి, ఇందాక చెప్పిన మొహమే, పైన ఎడమచేతి మూల బుగ్గలు పూరించుకుని. చెట్లు వంగిపోయి, మనుషుల టోపీలు ఎగిరిపోతూ ఉంటాయి. నాలుగోదాంట్లో గాలి లేదు. ఎండ, పచ్చగడ్డి, చెట్టు కింద రాలిన పళ్ళు, ఒక చిన్నపిల్ల బుట్ట పట్టుకుని ఏరుకుంటోంది. అయిదోది నవ్వుతున్న చంద్రుడు. అవి విడివిడి బొమ్మలని మాకు తట్టలేదు. రామాయణం బొమ్మలాటలో ఒకదాని తరవాత ఒకటి ఎలా వస్తుందో అలాగే లోకం కూడా ఈ వరసలోనే నడుస్తుందనుకున్నాం. వాన కురిసి, తరవాత గాలి వీస్తే, "చూసేవా, చెప్పలేదూ" అని నేను గర్వపడిపోయేదాన్ని. వరస తప్పి ముందు గాలి వస్తే, మనం నిద్రపోతున్నప్పుడు వాన వచ్చి వెళ్ళిపోయుంటుందని సర్దేసేదాన్ని. అంత తెలివి! బుల్లి నా మాట వేదంలా నమ్మేది. కళ్ళు నలుపుకుంటూ లేవడం, నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇయ్యాల ఏ బొమ్మే?" అనడం. నేను గుమ్మంలోకి వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసి, పంచాంగం చెప్పే పంతులుగారిలా, "ఇవాళ రెండోది" అనేదాన్ని. అది రోజల్లా ఆ బొమ్మలోనే ఉండేది. గాలి బొమ్మ అంటే బుగ్గలు పూరించుకుని, మొహం ఎర్రబడే దాకా కోళ్ళ మీద ఊదుకుంటూ తిరిగేది. పళ్ళ బొమ్మ అంటే దానికి మరీ ఇష్టం. మామ్మ అల్లి ఇచ్చిన తాటాకు బుట్ట తలమీద బోర్లించుకుని, రాలిన కొబ్బరి పిందెలు ఏరుకొచ్చి వాకిట్లో కుప్ప పోసేది. అమ్మ పిందెలు తొక్కి జారిపడబోయి తిట్టేది. తిట్టి, మళ్ళీ దాన్నే ఎత్తుకుని ముద్దెట్టుకునేది.

పక్క పల్లెలో పోలయ్య తాత అని సముద్రంలో వలలేసే తాత ఉండేవాడు. మామ్మతో చుట్ట పంచుకోడానికి వచ్చేవాడు. ఓసారి మా పుస్తకం చూసి, గాలి బొమ్మ దగ్గర ఆగి, "ఈ గాలి ఒక్క మూల నించే ఊదుతాదేటే?" అన్నాడు. "ఆయ్, ఒక్క మూలేనండి" అన్నాను నేను. తల అడ్డంగా ఊపేడు. "గీసినోడెవడో సముద్రంలో గాలి సూడలేదమ్మీ. పెద్దగాలి తిరుగుతాది. ఓపాలి ఆగుతాది, ఆగి అటేపు నించి కొడతాది. రెండోదే సంపుతాది." నాకు చచ్చేంత కోపం వచ్చింది. అక్షరం ముక్క రాని ముసలాడు, దొరల పుస్తకానికి వంక పెడతాడా అని. ఆయన వెళ్ళేక బుల్లితో, "తాతకి ఏమీ తెలీదు. కాయితం మీద లేనిది ఉండదు" అన్నాను. ఈ మాట నేను అన్నానని నాకు బాగా గుర్తుంది. మరిచిపోవడానికి ఎన్ని ఏళ్ళు ప్రయత్నించేనో!

ఆ ఏడు కోతల ముందు వచ్చింది గాలి. ముందు రోజంతా ముసురు. తెల్లారేసరికి ఈశాన్యం నించి మొదలైంది. మా పాక దడి పడిపోయింది. పేటలో వాళ్ళు ఏటిగట్టు మీదకి పరిగెత్తేరు. అమ్మ మా ఇద్దర్నీ చంకన ఒకర్ని, చేత్తో ఒకర్ని పట్టుకుని బడిగదిలోకి తెచ్చేసింది. నేను పుస్తకం కడుపుకి కట్టుకుని తెచ్చేను. మామ్మ మాత్రం రానంది. రెండు మేకలున్నాయి, వాటిని వదిలి రానని గుంజ పట్టుకుని కూర్చుంది. ఆ పొద్దంతా గదిలో మాటలు వినపడలేదు. ఆ మోతలో అమ్మ పెదాలు కదలడమే చూసేను. ప్రార్థనో, మామ్మని తిట్టడమో, రెండూనో. బుల్లి నా ఒళ్ళో తల దాచుకుని, మధ్య మధ్య తలెత్తి నా చెవిలో అరిచేది, "మూడో బొమ్మే కదక్కా?" అని. "మూడోదే. తరవాత నాలుగోది" అని నేను దాని చెవిలో అరిచేదాన్ని. అలా చెప్తుంటే నాకూ భయం తగ్గేది.

మధ్యాహ్నం దాటుతుందనగా గాలి ఆగిపోయింది. ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టు ఆగింది. చెవులు గింగురుమన్నాయి. కిటికీ సందులోంచి ఎండ పడింది. బయట పోలయ్య తాత గట్టు వైపు పరిగెడుతూ, "తలుపులు తియ్యకండే! గాలి తిరుగుతాది!" అని కేకేసేడు. "తెలుసు బాబూ, ముసల్దాన్ని లాక్కొచ్చి మూసేత్తాను" అంది అమ్మ. వెళ్ళబోతూ పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి, అడ్డగడియ పూర్తిగా తోసి, చేత్తో రెండుసార్లు లాగి చూసింది. తరవాత నా భుజాలు పట్టుకుని, "అమ్మీ, నేనెళ్ళగానే ఈ పేటేపు తలుపు గడియెయ్యి. నేనొచ్చి పిలిత్తేనే తియ్యి. చెల్లిని వదలకు" అంది. అని, చీర ఎగ్గట్టి నీళ్ళలో పడి పేటకేసి పరిగెత్తింది. ఆ గడియ నాకందేదే, అమ్మ చెప్పినట్టే వేసేను. నేను మంచిపిల్లనే. చెప్పినవి వినేదాన్ని.

బుల్లి కిటికీ కింద ఎండ ముక్కలో చెయ్యి పెట్టి చూసుకుంది. "అక్కా, బొమ్మ మారిందే?" నేను పుస్తకం విప్పేను. మూడో కాగితం తిప్పేను. నాలుగో బొమ్మలో ఎండ, చెట్టు, బుట్ట, పిల్ల. కిటికీ సందులోంచి చూస్తే పెరట్లో కొబ్బరికాయలు, ఆకులు, పిందెలు, నేల కనపడకుండా రాలిపడి ఉన్నాయి. అచ్చం బొమ్మలో ఉన్నట్టే! నా ఒళ్ళు పులకరించింది. పుస్తకం గెలిచింది, తాత ఓడిపోయేడు, అదే నాకు ముందు తట్టింది. "మారింది. నాలుగోది" అన్నాను. "నేను ఏరుకురానా?" అంది. అమ్మ వద్దంది కదా అని ఒక్క క్షణం ఆగేను. తరవాత పీట లాక్కొచ్చి, దాని మీద ఎక్కి, నాకందని ఎత్తులో ఉన్న పెరటి గడియ తీసేను. నేనూ వెళ్ళేదాన్నే, కానీ అమ్మ పిలిస్తే తలుపు తియ్యాలి కదా! "దూరం పోకు, బుట్ట నిండగానే వచ్చెయ్" అన్నాను. బుల్లి తలమీద బుట్ట బోర్లించుకుని మెట్లు దిగింది. రెండు పిందెలు ఏరి, నాకేసి ఎత్తి చూపించింది. ఆ తరవాత కొబ్బరిచెట్ల మధ్యకి వెళ్ళింది.

కాసేపు దాని మాటలు వినపడ్డాయి, తనలో తనే ఏదో లెక్క చెప్పుకుంటోంది. నేను పుస్తకంలో అయిదో బొమ్మ చూసుకుంటున్నాను. అప్పుడు సముద్రం వైపు నించి ఒక మోత. నల్లగా, నేల మీద బండి దొర్లుతున్నట్టు. ఎండ పోయింది. "బుల్లీ!" అని అరిచేను, ఒక్కసారే. అదే సమయానికి పేట వైపు తలుపు మీద అమ్మ బాదుతోంది, "అమ్మీ, తియ్యవే!" అని. అప్పుడు నేనేం చేసేనో రాయాలంటే చెయ్యి రావడం లేదు. ముందు పీట తీసేను. తీసి, గోడవార ఎప్పుడూ ఉండే చోట పెట్టేను. ఆ తరవాతే వెళ్ళి అమ్మకి తలుపు తీసేను. మామ్మని లోపలికి తోసి, అమ్మ గది నాలుగు మూలలా చూసి, "బుల్లి ఏదే?" అంది. "తెలీదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి పెరటి తలుపు దడాలున గోడకి కొట్టుకుంది. అమ్మ అందులోంచి బయటికి దూకింది. గాలి ఎత్తి గుమ్మంలోకే విసిరేసింది. మళ్ళీ లేచింది. మామ్మ అమ్మ జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది, లేకపోతే ఆవిడ కూడా దక్కేది కాదు. వెనకాలే నీళ్ళొచ్చేయి, ఏటి నీళ్ళు కావు, ఉప్పునీళ్ళు, అంత ఎత్తు అరుగు దాటి మా మోకాళ్ళ దాకా. మామ్మ నన్ను బల్లెక్కించి, ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో అమ్మనీ పట్టుకుని నిలబడింది. ఎనభై ఏళ్ళ మనిషికి అంత బలం ఎక్కడ నించి వచ్చిందో! నీళ్ళు తీసేక పోలయ్య తాత, పేట వాళ్ళు మూడు రోజులు మడ అడవులు వెతికేరు. బుట్ట దొరికింది. పిల్ల దొరకలేదు.

అయ్య కబురు తెలిసి వచ్చి, గుమ్మంలో కూలబడి, "ఎలా పోయిందే?" అని అడిగేడు. అమ్మ గుండెలు బాదుకుంటూ, "నా చేతులు పడిపోను! కంగారులో పెరటి గడియ సరిగ్గా వేసుండను. సగమే పడుంటాది. తోసుకుని పోయింది నా తల్లి!" అంది. నేను మామ్మ వెనకాల నిలబడి విన్నాను. అప్పుడు చెప్తే ఏమయ్యేది? నాలుగు దెబ్బలు పడేవి. చెప్పలేదు. మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. ఏడాది తిరిగేసరికి అది అసలు చెప్పగలిగిన మాటే కాకుండా పోయింది. మామ్మ మాత్రం నాకేసి అదోలా చూసేది, ఒకసారి పీట కేసి చూసి నాకేసి చూసింది. మరు వేసవిలో పోయింది. సంగతి కనిపెట్టి తనతోనే పట్టుకుపోయిందో, లేక నేనే అలా ఊహించుకున్నానో, తెలీదు.

అన్నిటికన్నా పెద్ద శిక్ష పుస్తకం. అది నా కడుపుకి కట్టి ఉంది కదా, తడిసింది కానీ పోలేదు. నేను ఏట్లో పారేద్దామనుకున్నాను. అమ్మ లాక్కుని, కాగితం కాగితం విడదీసి, ఎండలో ఆరబెట్టింది. "నా బుల్లి చూసుకున్న బొమ్మలు" అని కళ్ళకద్దుకుంది. దొరసాని వచ్చినప్పుడు ఆవిడకి కూడా చూపించింది. ఇద్దరూ, ఒకరి భాష ఒకరికి సరిగా రాని ఇద్దరు తల్లులు, ఆ పుస్తకం మధ్యలో పెట్టుకుని ఏడ్చేరు. నేను నీళ్ళ కుండ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తరవాత ఆవిడే నన్ను నరసాపురం తీసుకెళ్ళి చదువు చెప్పించింది. చెల్లెలు పోయిన పిల్లని జాలి. ఆ జాలి మీదే నా చదువు, నా ఉద్యోగం, ఈ పెంకుటిల్లు. అందుకే దణ్ణం పెడితే ఒళ్ళు మండుతుందన్నాను.

అమ్మ చాలా కాలం బతికింది, నా దగ్గరే. ప్రతి రాత్రీ పడుకునే ముందు తలుపు గడియ వేసి, రెండుసార్లు లాగి, మంచం దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళి లాగి చూసేది. "వేసేనంటే, అమ్మీ? సూడు, సరిగ్గా పడిందా?" అని నన్ను లేపేది. కళ్ళు కనపడని రోజుల్లో కూడా తడుముకుంటూ వెళ్ళేది. నేను విసుక్కోకుండా లేచి చూసేదాన్ని. ఊరంతా నా ఓపికని మెచ్చుకునేవారు, కూతురంటే సారమ్మ గారిలా ఉండాలని. చివరి జ్వరంలో ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు గడియ నేను సరిగ్గా వేసుంటే, దానికీ పిల్లలు పుట్టేవారు కదే" అంది. నోరు తెరిచేను. మాట నాలిక చివర దాకా వచ్చింది. "పోనీలే అమ్మా, పడుకో" అన్నాను. మూడో రోజున పోయింది. ఆవిడ పెట్టెలో చీర మడతల మధ్య ఆ పుస్తకం ఉంది. నాలుగో బొమ్మలో బుట్ట పట్టుకున్న పిల్ల దగ్గర కాగితం పలచబడిపోయింది. వేలితో నిమిరి నిమిరి అరగదీసేసింది.

ఇప్పటి పిల్లలకి వాచకాలు తెలుగులోనే ఉన్నాయి, గాలి ఎందుకు వీస్తుందో, మంచు అంటే ఏమిటో రాసి ఉంటుంది. మంచుని ఉప్పనుకునే పిల్ల ఈ కోనసీమలో ఇంక లేదు. మంచిదే. కానీ బొమ్మలో ఆ మొహం మాత్రం ఇప్పటికీ ఒక్క మూలే వేస్తున్నారు. పోలయ్య తాత లాంటి వాళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు.

ఇవాళ ఎస్తేరు జున్ను కాయడానికి నా వంటింట్లోకి వెళ్ళింది. మణి నా మంచం పక్కకి జరిగి, వాచకంలో నా సిరా బొమ్మ మీద వేలు పెట్టి, "టీచరమ్మగారూ, ఇటేపు మొహం ఉందని మీకెలా తెల్సండి?" అంది. నాకేమైందో తెలీదు. "నాకో చెల్లెలుండేదమ్మా. ఇటేపు ఇంకో మొహం ఉందని దానికి నేను చెప్పలేదు. గాలి ఆగగానే పెరటి గడియ తీసి నేనే బయటికి పంపించేను" అన్నాను. ఇన్నేళ్ళ తరవాత నోటంట వచ్చిన మాట, అదీ ఆరేళ్ళ పిల్లతో. మణి సిరా మొహం మీంచి వేలు తీసింది. "మీ అమ్మగారు కొట్టేరాండి?"

"లేదమ్మా. ఆవిడకి తెలీదు. తనే గడియ సరిగ్గా వెయ్యలేదనుకునేది."

"అయ్యో! మరైతే చెప్పెయ్యండి" అంది.

వాళ్ళు వెళ్ళిపోయేరు. జున్ను గిన్నెలో అలాగే ఉంది. వీధి తలుపు గడియ వేసి వచ్చి, దీపం ముట్టించి, ఇదంతా రాసేను.

అమ్మా, పెరటి గడియ నువ్వు సరిగ్గానే వేసేవు. రెండుసార్లు లాగి చూసేవు కూడా. నేను చూసేను.